కోడి ఈకల బంక

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురం. ముందు గదిలో, అంటే చికెన్ దుకాణంలో, మొగులయ్య మామ. వంటింట్లో కుడిచేతికి సిమెంటు కట్టుతో మాణిక్యమ్మ అత్తమ్మ, మా నాన్నకు అక్క. గడప పక్కన నవారు మంచం మీద మామ తల్లి రుక్మిణమ్మ అవ్వ. డాబా మీద ఒంటిగదిలో అద్దెకు ఉండే శ్రీహిత అక్క. ఐదోదాన్ని నేను, సాయిప్రియను. జాలీల్లో ఉన్న కోళ్ళను లెక్కపెట్టలేదు.

పదో తరగతి పరీక్షలు అయిపోగానే, అత్తమ్మ చేయి విరిగిందని, సాయంగా ఉండమని నాన్న నన్ను పట్నంలో ఛత్రినాకకు పంపాడు. బ్యాగు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అవ్వ మంచం పక్కన కూర్చున్నాను. అప్పుడే శ్రీహిత అక్క చేతిలో ఖాళీ బకెట్‌తో మెట్లు దిగి వచ్చింది. పొడుగ్గా, సన్నగా ఉంది. జుట్టును పెన్నుతో ముడేసుకుంది.

"ఇగో, మా సైంటిస్టు మేడమొచ్చింది," అన్నాడు మామ, కత్తి ఆపకుండానే. "ఏం కావాలె బిడ్డా? లెగ్ పీసా, బ్రెస్టా?"

"ఈకలు మామా."

"ఛత్రినాక మొత్తంల మాంసం ఇడిచిపెట్టి ఈకలడిగేది నువ్వొక్కదానివే. తీస్కో. మాపటికి చెత్త బండోడు ఎట్లాగూ తీస్కపోతడు."

అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. "ఆ ఈకలతోని ఏదో ఐస్‌క్రీం చేస్తవంటగదనే?"

"ఐస్‌క్రీం కాదవ్వా. ఐస్‌క్రీంల వేసే బంక." అక్క బకెట్ కింద పెట్టి, అవ్వకు చెబుతూ నా వైపు కూడా చూసింది. "ఐస్‌క్రీం, టమాటా సాస్, ఇవన్ని నీళ్ళు ఇడవకుండ చిక్కగ ఉంటయి చూడు, ఒక తీరు బంక కలిపితేనే గట్లుంటయి. తుమ్మబంక లెక్కనే, కానీ అది చెట్టుకు రాదు. కంటికి కనపడని ఒక జీవి చేస్తది. దానికి చక్కెర ఒక్కటే పెడితే సాలదు, మాంసకృత్తులు గిట్ల పెట్టాలె. అవి కొనాలంటే మస్తు పిరం. మామ రోజు పారేసే ఈకలల్ల అవే ఉన్నయి. ఉడకబెట్టి, పులుసు లెక్క చేసి పెడితే ఆ జీవి ఇంకా ఎక్కువ బంక చేస్తది."

అవ్వ కాసేపు ఆలోచించింది. "గట్లయితే శనారం నాడు ఐస్‌క్రీం తినొద్దా ఇగ? నీసైతది గద!"

"ఆవు గడ్డి తింటది. పాలు గడ్డయితయా అవ్వా?"

"ఆవు కోడిని తింటదా?" అంది అవ్వ.

మామ నవ్వి నవ్వి కత్తి పక్కన పెట్టేశాడు. అక్క కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ బ్యాగులో మొహం దాచుకున్నాను. అక్క అది చూసింది.

"ఈమె ఎవరు?"

"మా తమ్ముని బిడ్డ," అంది అత్తమ్మ వంటింట్లోంచి. "మాట్లాడది గానీ పని మంచిగ చేస్తది."

"నాకు సాయం చేస్తవా?" అని అక్క నన్నే అడిగింది. నేను తల ఊపాను. ఆ రోజు డైరీలో బ్యాగు గురించి ఏమీ రాయలేదు. ఈ ఒక్క ప్రశ్న రాసుకున్నాను.

*

పొద్దున అత్తమ్మకు వంటలో సాయం, ఆమెకు జడ వేయడం, గిన్నెలు. పదింటికి ఆ పనులయ్యాక ఈకలు. మామ కోడిని వేడినీళ్ళలో ముంచి డ్రమ్ములో వేసి తిప్పితే ఈకలన్నీ ఊడి ఒక మూలకు చేరేవి. తడిసి, రక్తం అంటి, వాటిని చూస్తే ఎవరికీ ముట్టుకోబుద్ధి కాదు. నేను వాటిని డాబా మీదికి మోసుకుపోయి కడిగి, పాత చీర పరిచి ఆరేసి, గాలికి ఎగిరిపోకుండా పైన ఇంకో చీర కప్పేదాన్ని. ఎండిన ఈకల్ని సంచిలో నింపితే మూడు నాలుగు రోజులకు ఒకసారి అక్క తీసుకుపోయేది.

"బాగా కడుగు చిన్నీ. మంచిగ, శుభ్రంగ," అని చెప్పింది అక్క మొదటి రోజు. అంతే చెప్పింది.

మా ఊళ్ళో కోడిని కోస్తే అమ్మ మూడుసార్లు ఉత్త నీళ్ళతో కడిగి, నాలుగోసారి పసుపు నీళ్ళతో కడుగుతుంది. పసుపు పడకపోతే అది కడిగినట్టే కాదు. మామ కూడా కోడిని కాల్చాక పసుపు రాసే ఇస్తాడు. దుకాణంలో అందుకోసం ఒక డబ్బా ఉంది. నేను ఆ డబ్బాలోంచి రెండు గుప్పిళ్ళు తీసి నాలుగో బకెట్‌లో కలిపాను. వాసన పోవడానికి మాపటిదాకా నానబెట్టాను. రోజూ అంతే. అది చెప్పాల్సిన సంగతి అనిపించలేదు. నీళ్ళతో కడిగానని ఎవరైనా ప్రత్యేకంగా చెబుతారా?

"మొగులయ్య భాయ్, హల్దీ అచ్ఛా సే లగానా!" అని ఎవరో బేరానికి వచ్చినాయన అడిగితే, మామ డబ్బా తెరిచి, "ఈ పసుపును ఎలుకలు గిట్ల తింటున్నయా ఏంది!" అని అరిచేవాడు. నేను మెట్ల మీదే ఆగిపోయేదాన్ని.

వారానికే అక్క సంచిలో ముక్కు పెట్టి చూసి ఆశ్చర్యపోయింది. "నేను కడిగితే గది మొత్తం గబ్బు. నువ్వు కడిగితే వాసనే లేదు. ఏం చేస్తవే?"

ఊరికే నవ్వాను. నా జన్మలో అలా ఎవరూ మెచ్చుకోలేదు. నవ్వడం తప్ప ఇంకేం చేయాలో తెలియలేదు.

"జర పచ్చగున్నయేంది?" అంది ఈకల్ని వెలుతురులో తిప్పుతూ.

"ఫారం కోళ్ళు గద, మక్కజొన్నలు మస్తు పెడ్తరు!" అని కిందినుంచే జవాబిచ్చాడు మామ.

అక్క సరేనని సంచి మూతి కట్టేసింది. పెద్దాయన చెప్పాక నేను కాదని ఎలా అంటాను? అదీగాక, ఏ రంగైతే ఏమిటిలే అనుకున్నాను.

సాయంత్రాలు అక్క కోసం ఎదురుచూసేదాన్ని. ఆమె బస్సు దిగి సందులోకి తిరిగేసరికి ఆరున్నర అయ్యేది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు నాకు వేరేగా వినపడేది. కాసేపాగి, నీళ్ళు కావాలేమోనని బిందె పట్టుకుని పైకి వెళ్ళేదాన్ని. ఆమెకు నీళ్ళు అవసరం లేదని మా ఇద్దరికీ తెలుసు. "రా, కూర్చో," అనేది. ఉప్పుగూడ వైపు రైలు పోతుంటే గది కిటికీ సన్నగా అదిరేది. అక్క రాసుకునేది. నేను ఆమె పుస్తకాల్లో బొమ్మలు చూసేదాన్ని.

ఆమె బల్ల మీద ఒక చిన్న సీసా ఉండేది. నేను రాకముందు, మార్చిలో, తన చేత్తో కడిగిన ఈకలతో చేసిన మొదటి బంక. దాన్ని తలకిందులు చేస్తే లోపలిది తేనెలాగా, తేనెకంటే నెమ్మదిగా, దిగీ దిగనట్టు వేలాడేది.

"ఈకలు లేకుండ చేస్తే దీన్ల సగం గూడ రాలే," అంది అక్క. "మా ల్యాబు గైడు అమరనాథ్ సార్ నమ్మలే. మల్ల చేసి చూపియ్యమన్నడు. ఇప్పుడు నువ్వు కడిగేటియి దానికే."

"అక్కడ ఎట్లుంటది? ల్యాబుల?"

నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటా. అక్క పెన్ను ఆపి చెప్పింది. గాజు సీసాలు వరుసగా పెట్టి, ఆగకుండా ఊపే యంత్రం ఒకటి ఉంటుందట. రాత్రీ పగలూ ఊగుతూనే ఉంటాయట. లోపల నీళ్ళలా ఉన్నది మూడో రోజుకు చిక్కబడుతుందట.

"తీస్కపోత ఒకరోజు. నీ ఈకలు ఏమైతున్నయో నువ్వు చూడొద్దా?"

ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను: అక్క నన్ను ల్యాబుకు తీసుకుపోతానంది. మర్నాడు కూడా అదే రాశాను. ఆమె మళ్ళీ అనకపోయినా రాశాను.

*

మే నెల సగానికి వచ్చేసరికి అక్క నవ్వడం తగ్గిపోయింది. ఎండలకు చికెన్ బేరాలు కూడా పడిపోయాయి. మామ ఈగలు తోలుకుంటూ కూర్చునేవాడు. నాన్న ఫోన్ చేసి, జూన్ రెండో వారంలో రమ్మన్నాడు, మండలంలో కాలేజీలో చేరుస్తానన్నాడు. నేను "ఊఁ" అన్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అక్క గదిలో ఉండలేక డాబా మీద ట్యాంకు నీడలో కూర్చుంది. నేను ఈకల మీద చీర సర్దుతున్నాను.

"రెండోసారి గూడ ఉత్త నీళ్ళే చిన్నీ," అంది. నాతో చెబుతున్నట్టు లేదు. "సీసాల ఏం పెరుగుతలేదు. చక్కెర అట్లనే ఉంది. జీవి తింటలేదు. సార్ ఏమన్నడో తెలుసా? మార్చిల వచ్చింది నిజంగ వచ్చిందేనా అన్నడు."

"నిజమే గదా అక్కా. సీస ఉంది గద."

"సీస ఎవలైనా నింపుకోవచ్చు." చేతుల్లో మొహం పెట్టుకుంది. "ఇంకొక్కసారి. అదీ రాకపోతే ఈకల పని బంద్. రెండేండ్ల పని."

ఆమె బాధ మరిపించడానికి, ఆ జీవి ఎట్లుంటది అని అడిగాను. ఆమె ఫోన్‌లో ఒక గోబీ ఆకు బొమ్మ చూపించింది. అంచుల్లో పసుపుపచ్చగా, నల్ల ఈనెలతో కుళ్ళిన ఆకు.

"దీన్ని గిట్ల చేసేది అదే. గోబీకి రోగం, మనకు బంక. దీని చుట్టమొకటి వరికి గూడ వస్తది. ఎండాకు తెగులంటరు చూడు."

తెలుసు. మా పొలంలో రెండేళ్ళ కింద వచ్చింది. ఆకులు కొసల నుంచి అంచుల వెంట ఎండుకుంటూ దిగాయి. నాన్న దుకాణంలో మందు కొనలేదు. పసుపు, వంటసోడా నీళ్ళలో కలిపి రెండుసార్లు కొడితే తెగులు ఆగిపోయింది. డబ్బాలో పసుపు కలిపింది నేనే. మోచేతుల దాకా రంగు అంటి, బడిలో అందరూ నవ్వారు.

చీర కొంగు నా చేతిలోనే ఉండిపోయింది. దాని కింద ఈకలు లేత పసుపుపచ్చగా, ఏ వాసనా లేకుండా ఆరుతున్నాయి.

"ఏమైందే?" అంది అక్క.

"ఏం లేదు," అన్నాను.

ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. చెబితే ఇక బిందె పట్టుకుని పైకి ఎలా వెళ్ళాలి? నాలాంటి దాన్ని ఆ గాజు సీసాల దగ్గరికి ఎవరు రానిస్తారు? పసుపు వల్ల కాదేమో అనుకున్నాను. పసుపు మంచిదే కదా, దెబ్బకు రాస్తారు, పాలల్లో తాగుతారు. దెబ్బకు ఎందుకు రాస్తారో గుర్తొచ్చేసరికి తింటున్న కంచం పక్కకు జరిపాను. అత్తమ్మ నా నుదుటి మీద ఎడమచేయి పెట్టి చూసింది. "జరం లేదు గద. ఇల్లు యాదికొస్తుందా బిడ్డా?" అంది. అవునన్నాను.

మూడో రోజు పొద్దున అక్క సంచి భుజానికి వేసుకుని మెట్లు దిగుతోంది. ఆఖరిసారి చేసే ప్రయత్నానికి ఆ ఈకలే. నేను కింది మెట్టు మీద నిలబడి ఉన్నాను. ఆమె పక్కకు తప్పుకుని పోబోతే సంచి అంచు పట్టుకున్నాను.

"ఇవి తీస్కపోకు అక్కా."

"బస్సు పోతది చిన్నీ. ఇడువు."

"పసుపేసి కడిగిన."

ఆమెకు అర్థం కాలేదు. "ఏంది?"

"నాలుగోసారి నీళ్ళల్ల. రెండు గుప్పిళ్ళు. మా దిక్కు వరికి గా తెగులొస్తే పసుపే కొడ్తరు."

అక్క సంచి దించి మెట్టు మీద కూర్చుంది. దుకాణంలో డ్రమ్ము తిరుగుతోంది.

"ఎప్పటిసంది?"

"మొదటి రోజు సంది."

"పచ్చగున్నయేందని అడిగిన గదా నేను."

"మామ చెప్పిండని..."

"నేను నిన్నడిగిన."

లోపలికి వెళ్ళి డైరీ తెచ్చి ఇచ్చాను. ఏ రోజు ఎన్ని ఈకలు కడిగానో, ఎంత పసుపు వేశానో, ఎంతసేపు నానబెట్టానో అన్నీ అందులో ఉన్నాయి. ఏ పని చేసినా రాసుకోవడం నాకు అలవాటు. ఇచ్చాక గానీ మిగతావి కూడా అందులోనే ఉన్నాయని గుర్తు రాలేదు. ఆమె చెప్పుల చప్పుడు. ఆమె పెన్నుతో జుట్టు ముడేసుకుంటే నేనూ వేసుకుని చూసుకున్న రోజు. అక్క నన్ను ల్యాబుకు తీసుకుపోతానంది, అక్క నన్ను ల్యాబుకు తీసుకుపోతానంది, పేజీ తర్వాత పేజీ.

ఆమె అన్నీ చదివింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా దాటేయలేదు. తర్వాత పసుపు ఉన్న పేజీలను మాత్రం ఫోన్‌లో ఫోటోలు తీసుకుంది. డైరీ మూసి నా చేతికిచ్చింది.

"పసుపు వల్లనే అని చెప్పలేం. కావొచ్చు. చూడాలె," అంది. ఖాళీ చేతులతో బస్సు ఎక్కడానికి వెళ్ళిపోయింది.

సంచిలో ఈకల్ని నేనే చెత్త బండిలో వేశాను.

*

తర్వాత అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది. కొత్త ఈకలు తనే పైకి మోసుకుంది, తనే కడుక్కుంది, ఉత్త నీళ్ళతో. మళ్ళీ గబ్బు మొదలైంది. అవ్వ రోజూ లొల్లి చేసింది. "పోరి చేతిల మహిమ ఉండె. దాన్ని ఎందుకు మానిపించినవే?" అని పైకి అరిచేది. పైనుంచి జవాబు వచ్చేది కాదు. నేను బిందె పట్టుకుని రెండుసార్లు సగం మెట్లదాకా వెళ్ళి తిరిగొచ్చాను.

జూన్ మొదటి సోమవారం అక్క కిందికి వచ్చి, "రేపు నాతోని రా. సార్ నిన్ను చూడాలన్నడు," అంది.

"ఏం ఫికర్ జెయ్యకు," అన్నాడు మామ నాతో. "ఉరి తియ్యరు."

రెండు బస్సులు మారాం. చార్మినార్ దాటాక నాకు తెలిసినవేవీ లేవు. కిటికీ పక్కన నేను, నా పక్కన అక్క. ఆమె ఒకసారి నా మీదుగా చేయి చాపి, వడగాలి కొట్టకుండా కిటికీ అద్దం జరిపింది. అంతే.

అమరనాథ్ సార్ పెద్దవాడు, మెల్లగా మాట్లాడాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. డైరీ తెరవమన్నాడు.

"బకెట్ ఎంత పెద్దది?"

"పదిహేను లీటర్లది సార్."

"గుప్పిట్లో ఎంత పసుపు పడుతుంది? సుమారుగా."

లేచి నా గుప్పిలి చూపించాను. ఆయన బీరువాలోంచి ఏదో తెల్లటి పొడి తెచ్చి, నాతో గుప్పిలి నింపించి, చిన్న త్రాసు మీద తూచి రాసుకున్నాడు. ఎన్ని గంటలు నానింది, చీర కింద ఎన్ని రోజులు ఆరింది, ఏ తేదీలు అని అడుగుతూ పోయాడు. నేను ఒక్కొక్కటే చెప్పాను. అంతసేపు ఒక మనిషితో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు వణకలేదని బయటికి వచ్చాక గమనించాను.

"వారం కింద నీ డైరీ ఫోటోల్లో ఉన్న కొలతతోనే కొన్ని ఈకలు కడిగించాం," అన్నాడు. "రెండు రకాలూ పక్కపక్కనే పెట్టాం. శ్రీహితా, తీసుకురా."

అక్క తెల్లకోటు తొడుక్కుని వెళ్ళి రెండు గాజు సీసాలు తెచ్చింది. సార్ మొదటిదాన్ని వంచాడు. లోపలిది కదలడానికే ఇష్టం లేనట్టు, మందంగా, తీగలా సాగుతూ ఒక పక్కకు ఒరిగింది. రెండోదాన్ని వంచాడు. అది నీళ్ళలా గలగలమంది.

అది నాది.

"ఒక్కసారి చూసి ఖాయం చేయలేం," అన్నాడు సార్. "ఇంకో రెండుసార్లు చెయ్యి. కానీ పని ఆపొద్దు. మార్చిలో వచ్చిన దాని గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా."

అక్క సీసాలు తిరిగి అందుకుంది. వాటిని పట్టుకున్న చేతులు కొంచెం కిందికి దిగాయి, అప్పటిదాకా ఏదో మోసినట్టు. ఆమె గెలిచింది. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది, అందులో నా వంతు ఏమీ లేకపోయినా.

ఆమె సీసాలు తిరిగి పెట్టడానికి నడవా చివరకు నడిచింది. ఎవరూ రమ్మనకపోయినా నేను వెనకాలే వెళ్ళాను. అక్కడొక తలుపు ఉంది. ఆమె భుజంతో దాన్ని నెట్టింది. సందులోంచి చల్లగాలి, ఉడికించిన గంజి లాంటి వాసన, యంత్రం ఊగుతున్న చప్పుడు వచ్చాయి. లోపల వరుసగా సీసాలు, అన్నీ ఒకే లయలో, ఒకే వైపుకు వంగి లేస్తున్నాయి. ఆమె చెప్పినప్పుడు నేను అనుకున్నదానికంటే అవి ఎక్కువ ఉన్నాయి.

ఎల్లుండి నేను ఊరికి పోతాను.

"అక్కా, నేనొకసారి లోపలికి రానా?"

ఆమె సీసాల్ని లోపల బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగింది. కోపం లేదు. ఉంటే దాన్ని పట్టుకుని ఏదైనా అడిగేదాన్నేమో. నన్ను మొదటి రోజు చూసినట్టే చూసింది, బ్యాగు ఒళ్ళో పెట్టుకున్న ఒక పిల్లను చూసినట్టు.

"వద్దు ప్రియా," అంది. "లోపల జీవులు పెరుగుతున్నయి."

తలుపును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూసేసింది.